చేప రాకముందే కుదిరిన ఒప్పందం

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో కానాగంత తెలియని వారుండరు. దానికి దగ్గరి చుట్టం అట్లాంటిక్ మాకెరెల్. ఐరోపా వాయవ్య తీరాల్లో లక్షల టన్నుల్లో వలలకు పడే ఈ చేప, ఈ శతాబ్దం మొదటి దశకంలో వేసవి మేతకు ఉత్తరానికీ పడమరకూ జరగడం మొదలుపెట్టింది. మందలు పెరగడం, మేత చాలకపోవడం, సముద్రం వేడెక్కడం, మూడూ కలిసి దాన్ని తరిమాయంటారు. అంతకుముందు ఐస్‌లాండ్ వలల్లో ఎప్పుడోగాని కనబడని చేప, 2008లో ఆ దేశానికి లక్ష టన్నులకు పైగా దొరికింది.

దాంతో పేచీ మొదలైంది. ఎన్నో ఏళ్లుగా తాము పడుతున్న చేప గనుక తమదేనని నార్వే, ఐరోపా యూనియన్ వాదించాయి. తమ నీళ్లలో మేసి బలిసిన చేపలో తమకూ వాటా రావాలని ఐస్‌లాండ్, ఫారో దీవులు పట్టుబట్టాయి. ఏటా ఎంత పడితే మందకు హాని లేదో చెప్పే సంస్థ ఒకటుంది. 1902లో కోపెన్‌హాగన్‌లో పుట్టిన అంతర్జాతీయ సముద్ర పరిశోధనా మండలి అది. మొత్తం ఎంత అన్నదాని మీద కంటే, అందులో ఎవరికెంత అన్న దగ్గరే తెగలేదు. చివరికి ఎవరి వాటా వాళ్లే రాసుకున్నారు. అన్నీ కలిపి చూస్తే శాస్త్రవేత్తలు చెప్పిన అంకె ఎప్పుడో దాటిపోయింది. 2019లో ఈ వేటకున్న అంతర్జాతీయ సుస్థిరతా గుర్తింపును కూడా నిలిపివేశారు.

చేప ఎప్పుడూ ఒకేచోట ఉంటుందన్న నమ్మకం మీద రాసుకున్న వాటాలవి. సముద్రం వేడెక్కింది, చేప జరిగింది, కాగితం మాత్రం జరగలేదు. ఇప్పుడు ఇంకాస్త ఉత్తరానికి వెళదాం. అక్కడ జరుగుతున్నది మంచు.

మంచు కింద ఏముంది?

సున్నం వేసిన డాబా మీద ఎండలో నిలబడగలం, తారురోడ్డు మీద చెప్పుల్లేకుండా నిలబడలేం. ఆర్కిటిక్‌లో జరిగేది అదే. సముద్రపు మంచు తన మీద పడ్డ ఎండలో సగానికి పైగా తిప్పికొడుతుంది. అది కరిగి నల్లని నీరు బయటపడితే 90 శాతానికి పైగా ఎండను లోపలికి లాక్కుంటుంది. ఆ వేడికి మరింత మంచు కరుగుతుంది. 1979 నుంచి ఈ ప్రాంతం ప్రపంచ సగటు కంటే దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కిందని 2022లో వచ్చిన ఒక పరిశోధన లెక్కగట్టింది. 1980లలో సెప్టెంబరు నాటికి 70 లక్షల చదరపు కిలోమీటర్ల మేర మిగిలే మంచు, 2012లో సుమారు 34 లక్షలకు పడిపోయింది.

మంచు తగ్గేకొద్దీ కింద ఉన్నదాని మీదకు చూపు మళ్లుతుంది. ఆర్కిటిక్ ప్రాంతంలో ఇంకా వెలికితీయని చమురు 9,000 కోట్ల పీపాలు ఉండొచ్చని, చమురు, గ్యాసుల్లో అధికభాగం సముద్రం అడుగునే ఉంటుందని అమెరికా భూగర్భ సర్వే 2008లో అంచనా వేసింది. మంచును కరిగించినవాటిలో చమురు పొగ ఒకటి. ఆ కరుగుడే మళ్లీ కొత్త చమురుకు దారి తీస్తోంది.

2007 ఆగస్టులో రష్యా పరిశోధకులు చిన్న జలాంతర్గాముల్లో ఉత్తర ధ్రువం కింద నాలుగు కిలోమీటర్లకు పైగా దిగి, సముద్రం అడుగున టైటానియం జెండా పాతి వచ్చారు. చట్టం ప్రకారం ఆ జెండాకు విలువ లేదు. ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం అడిగేది రాయి, మట్టి సాక్ష్యం. తీరం నుంచి 200 నాటికల్ మైళ్లు దాటాక కూడా సముద్రపు అడుగు మాదేనని ఒక దేశం అనాలంటే, అది తమ భూఖండానికి కొనసాగింపని రుజువు చేయాలి. అందుకే ధ్రువం కిందుగా సాగే లొమొనోసోవ్ అనే సముద్రగర్భ పర్వతశ్రేణి తమ నేలకు కొనసాగింపేనని రష్యా, కెనడా, గ్రీన్‌లాండ్ తరఫున డెన్మార్క్, మూడూ దస్త్రాలు సమర్పించాయి.

ఆగిపోయిన కొలతలు

ఈ పోటీ సాగుతుండగానే శాస్త్రవేత్తలు కలిసి పనిచేయగలిగారు. 1996లో ఎనిమిది దేశాలతో ఏర్పడిన ఆర్కిటిక్ కౌన్సిల్, సైనిక విషయాల జోలికి పోనని తన పుట్టుక పత్రంలోనే రాసుకుంది. 2019-20లో జర్మనీ నౌక పోలార్‌స్టెర్న్ మంచులో ఇరుక్కుని దాంతోపాటే కొట్టుకుపోతూ ఏడాది పాటు కొలతలు తీసినప్పుడు, రష్యా మంచుకోత నౌకలు దానికి ఇంధనం, సరుకులు, మనుషులను చేర్చాయి.

2022 మార్చిలో, ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక, మిగిలిన ఏడు దేశాలు రష్యాతో కౌన్సిల్ పనిని నిలిపేశాయి. గొడవ ఆర్కిటిక్‌లో పుట్టింది కాదు. దెబ్బ మాత్రం అక్కడి థర్మామీటర్లకు తగిలింది. ఆర్కిటిక్ తీరంలో సగం దాకా రష్యాదే. ఏళ్ల తరబడి గడ్డకట్టి ఉండే నేల ఆ దేశంలో మూడింట రెండు వంతుల మేర పరచుకుని ఉంది. ఉత్తరాదిన ఇలాంటి నేలలో దాగిన కార్బన్, ఇప్పుడు గాలిలో ఉన్నదానికి దాదాపు రెట్టింపు. నేల కరిగితే సూక్ష్మజీవులు లేస్తాయి, వేల ఏళ్ల నాటి ఆకూ అలమూ కుళ్లుతుంది, కార్బన్ డయాక్సైడ్, మీథేన్ బయటికొస్తాయి. మంచు విస్తీర్ణం ఉపగ్రహానికి కనబడుతుంది. ఎన్ని అడుగుల లోతున నేల మెత్తబడిందో చెప్పాలంటే మాత్రం అక్కడ గొయ్యి తవ్వి పరికరం దింపాలి. రష్యా కేంద్రాలను తీసేసి లెక్కిస్తే ఆర్కిటిక్ చిత్రం ఎంత వంకరపోతుందో 2024లో నేచర్ క్లైమేట్ ఛేంజ్ పత్రికలో వచ్చిన పరిశోధన చూపించింది. కొన్ని అంశాల్లో ఆ తప్పు, ఈ శతాబ్దం చివరికి వాతావరణ మార్పు తేబోయే తేడా అంత ఉంది.

మన సెప్టెంబరు వానలు

ఇదంతా మనకు దూరమని అనుకోలేం. భారత్‌కు 2008 నుంచి ఆర్కిటిక్‌లోని స్వాల్‌బార్డ్ దీవుల్లో హిమాద్రి పరిశోధనా కేంద్రం ఉంది. 2014లో అక్కడి సముద్రపు పాయలో దింపిన ఇండ్‌ఆర్క్ పరికరాల వెనుక హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సేవల కేంద్రం ఇన్‌కాయిస్ చేయి కూడా ఉంది. మన ధ్రువ పరిశోధకులు 2021లో మరో సంగతి చెప్పారు. వేసవిలో కారా సముద్రంలో మంచు తగ్గడానికీ, మనదేశంలో సెప్టెంబరులో కురిసే కుంభవృష్టికీ సంబంధం ఉండొచ్చని. కారా సముద్రం రష్యా తీరంలోదే. పొట్టకొచ్చే వరిని ముంచే వానకు ఒక ఆనవాలు అక్కడ ఉంటే, దాన్ని కొలిచే పరికరాలు ఎవరి అధీనంలో ఉన్నాయన్నది మన రైతు ప్రశ్న కూడా.

ఇంత పోటీలోనూ ఒక ఒప్పందం నిలబడింది. 2018 అక్టోబరులో గ్రీన్‌లాండ్‌లోని ఇలులిస్సాట్‌లో రష్యా, అమెరికా, చైనా సహా తొమ్మిది దేశాలు, ఐరోపా యూనియన్ సంతకం చేశాయి. ఏ దేశానికీ చెందని మధ్య ఆర్కిటిక్ సముద్రంలో, 28 లక్షల చదరపు కిలోమీటర్ల మేర, వ్యాపార వేట చేయకూడదు. ముందు అందరూ కలిసి అక్కడేముందో పరిశోధించాలి. 2021 జూన్‌లో అమల్లోకి వచ్చిన ఈ మాట 16 ఏళ్ల వరకు చెల్లుతుంది. యుద్ధం మొదలైన ఏడాదే, నవంబరులో, కొరియాలోని ఇంచియాన్‌లో దీని సభ్యుల తొలి సమావేశం జరిగింది.

మాకెరెల్ విషయంలో కుదరనిది ఇక్కడ కుదరడానికి కారణం చిన్నదే. ఇక్కడ చేప ఇంకా ఎవరి వలలోనూ పడలేదు. వదులుకోవడానికి ఎవరి చేతిలోనూ ఏమీ లేదు. తిండికి ముందు వాటాలు మాట్లాడుకోవడం తేలిక, విస్తరి ముందు కూర్చున్నాక కష్టం. ఒప్పందం తొలి గడువు 2037తో తీరుతుంది. ఆ తర్వాత ఒక్క దేశం కాదన్నా పొడిగింపు ఉండదు. ఆలోపు మంచు ఎంత వెనక్కి వెళుతుందో, దాని వెంట ఏ చేప ఉత్తరానికి వస్తుందో అప్పుడు తెలుస్తుంది.