గిలకయు గునపమును
నూతిలోని చేదను వట్టి చేతులతో లాగు స్త్రీకి నడుము వంగిపోవును. నూతిపై గిలక అమర్చినచో బరువు తగ్గదు. లాగవలసిన దిక్కు మాత్రము మారును. పైకి లాగుటకు మారుగా క్రిందికి లాగునపుడు దేహభారమే తోడగును. మోటారు పంపులు రాకమునుపు ఏతముదియు ఇదే కిటుకు: దూలముపై మనుష్యుడు ముందువెనుకలకు నడువగా బాన పైకి లేచెడిది.

గునపము మరియొక మేలు చేయును. ఆనికరాతి నుండి బండ యెంత దూరమో, చేతిపట్టు దానికి నాలుగింతల దూరమున నున్నచో నాలుగవవంతు బలమే చాలును. కాని చేయి నాలుగింతలు కదలవలెను. క్రీస్తుపూర్వము 3వ శతాబ్దిలో ఆర్కిమెడీసు ఈ నియమమును నిరూపించెను.

పని తగ్గదు; నడుము నిలుచును. ఈ సూత్రమును వల్లించు బాలుడు నూతికడ తల్లి చేతి త్రాటిని ఒకమారు అందుకొన్ననాడే పాఠము పూర్తియగును.