నడుముకు సుఖం సరే, వైర్లు చూసుకున్నారా?

డిండి: హైదరాబాదు నుండి డిండి, మన్ననూరు మీదుగా శ్రీశైలానికి 200 కిలోమీటర్ల పైచిలుకు దారి. మోటారు సైకిలుపై వంగి కూర్చుని ఇంతదూరం నడిపే పొడగరికి నడుము, మెడ, మణికట్లు పట్టేస్తాయి. హ్యాండిలు కింద అంగుళం మందం అల్యూమినియం దిమ్మెలు, వాటికి తగిన పొడుగు బోల్టులు బిగిస్తే వీపు నిటారుగా ఉంటుంది; చేతులపై బరువు తగ్గుతుంది.

అయితే హ్యాండిలు లేచిన కొద్దీ క్లచ్చి, బ్రేకు, యాక్సిలేటరు వైర్లు బిగుసుకుంటాయి. దోమలపెంట దాటాక ఘాటు మలుపులో హ్యాండిలు తిప్పగానే ఇంజను దానంతటదే వేగం అందుకుంటే ప్రాణానికే ముప్పు.

కనుక మెకానిక్ షాపు వదలకముందే బండిని న్యూట్రల్‌లో స్టార్టు చేసి, హ్యాండిలును రెండు వైపులా చివరికంటా తిప్పి చూడాలి. ఇంజను శబ్దం పెరిగినా, ఏ వైరు లాగినట్టున్నా పొడుగు వైర్లు వేయించాకే బయలుదేరాలి.