కొన్న విద్యుత్తునకు పొగ లెక్క

వర్తకుడు చిఠ్ఠా వ్రాసినట్లే నేటి కంపెనీలు తాము విడుచు బొగ్గుపులుసుగాలికి పద్దు వ్రాయుచున్నవి. 1998లో ఆరంభమైన గ్రీన్‌హౌస్ గ్యాస్ ప్రోటోకాల్ వారు ఇందుకు నియమములను 2001లో ప్రకటించిరి.

పద్దులు మూడు. సొంత కొలిమిలో కాల్చిన బొగ్గు, నూనెల వలన వెలువడునది మొదటిది. కొన్న విద్యుత్తు కొరకు ఎక్కడనో విద్యుత్కేంద్రములో వెలువడునది రెండవది. ముడిసరుకు మొదలు అమ్మిన వస్తువు వాడకము వరకు గల తక్కినదంతయు మూడవది. దీనికి ప్రత్యేక ప్రమాణము 2011లో గాని రాలేదు.

చిక్కైన ప్రశ్న రెండవ పద్దులో నున్నది. తీగలో వచ్చు కరెంటు బొగ్గుదో, గాలిమరదో విడదీయలేము గదా! ఒక మిల్లు ఏటా 1,000 మెగావాట్ గంటల విద్యుత్తు కొనుచున్నదనుకొందము. ఆ ప్రాంతపు సగటు మెగావాట్ గంటకు 0.7 టన్నులైనచో, పద్దు 700 టన్నులు. గాలిమర యజమాని అమ్ము ధ్రువపత్రములను అంతకు సరిపడ కొన్నచో, పద్దు సున్న! యంత్రములు మారలేదు, తీగయు మారలేదు. ఆ గాలిమర పూర్వమునుండి తిరుగుచున్నదే యైనచో, ఈ కొనుగోలు వలన విద్యుత్కేంద్రములో బొగ్గు ఒక్క బస్తాయైనను తగ్గకపోవచ్చును.

అట్టి పత్రములు అమ్ముడగుచోట రెండు లెక్కలను చూపవలెనని 2015లో మార్గదర్శకములు వెలువడినవి. మొదటి లెక్క మిల్లు నిలిచిన ప్రాంతపు విద్యుత్తును తెలుపును. రెండవది మిల్లు చేసిన బేరమును తెలుపును. ప్రకటనలలో పెద్ద అక్షరములెక్కునది సాధారణముగా రెండవదే.