లైసెన్సు ఉంది సరే... క్లచ్ వచ్చా?

'తాతయ్య కారు నేను నడపొచ్చా?' సెలవులకు ఇండియా టికెట్లు బుక్ చేసుకున్న ఇళ్లలో పిల్లలు అడిగే ప్రశ్నల్లో ఇదొకటి. అడిగేది డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో పెరిగి, టీనేజ్‌లోనే లైసెన్సు తెచ్చుకుని, ఫ్రీవే మీద 70 మైళ్ల వేగంతో హాయిగా నడిపేసే పిల్లలు. గుంటూరులోనో కరీంనగర్‌లోనో షెడ్డులో ఉన్న తాతయ్య కారుకు మాత్రం మూడు పెడళ్లుంటాయి.

చట్టం సంగతి చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. అమెరికాలో ఆటోమేటిక్ కారు మీద టెస్టు పాసైన లైసెన్సుతోనే మాన్యువల్ కారు కూడా నడపొచ్చు. బ్రిటన్‌లో ఇది కుదరదు. అక్కడ ఆటోమేటిక్ మీద పాసైతే ఆటోమేటిక్‌కే పరిమితం. అమెరికాలోనూ పెద్ద ట్రక్కుల లైసెన్సుకు ఆ కట్టుబాటు ఉంది. ఆటోమేటిక్ ట్రక్కుతో టెస్టు ఇస్తే లైసెన్సు మీద 'ఇ' అనే అక్షరం పడుతుంది, గేర్ల ట్రక్కు తోలకూడదని దానర్థం. మామూలు కార్లకు అలాంటిదేమీ లేదు. దీనికి తోడు ట్రిపుల్ ఎ ఆఫీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకుంటే, అమెరికా లైసెన్సుతో కలిపి ఇండియాలో చూపించవచ్చు. ఏడాదిపాటు చెల్లుతుంది. పద్దెనిమిదేళ్లు నిండి ఉండాలి, కాబట్టి పదహారు, పదిహేడేళ్ల వాళ్ల చేతికి అక్కడ తాళాలు ఇవ్వకండి, ఇక్కడ ఎంత బాగా నడిపినా సరే.

అంటే జీవితంలో క్లచ్ తొక్కని ఇరవై రెండేళ్ల కుర్రాడు కాగితాలన్నీ సక్రమంగా పెట్టుకుని విజయవాడ బెంజి సర్కిల్‌లో మాన్యువల్ కారుతో దిగవచ్చు. ఏ అధికారీ 'గేర్లు వచ్చా బాబూ' అని అడగడు. అడగాల్సింది ఇంట్లోవాళ్లే.

తప్పు పిల్లలది కాదు. 1940 మోడల్ ఓల్డ్‌స్‌మొబైల్‌తో జనరల్ మోటార్స్ పూర్తి ఆటోమేటిక్ గేర్‌బాక్సును మార్కెట్లోకి తెచ్చింది. 1980లో కూడా అమెరికాలో తయారైన కొత్త బళ్లలో మూడోవంతు దాకా మాన్యువల్సే. ఇప్పుడు ఒకటి రెండు శాతం మించవు. మియాటా, సివిక్ ఎస్ఐ, మస్టాంగ్ జీటీ లాంటి సరదా కార్లలోనే క్లచ్ మిగిలింది. కారు దొంగిలించబోయి, మూడో పెడల్ చూసి వదిలేసి పారిపోయిన దొంగల వార్తలు ఇక్కడి పత్రికల్లో అప్పుడప్పుడూ కనిపిస్తుంటాయి!

పాదానికి తెలియాల్సింది ఒక్కటే

నేర్పేటప్పుడు మనవాళ్లు చేసే పని, 'క్లచ్ వదులు, ఎక్సలేటర్ ఇవ్వు' అని పక్కసీట్లోంచి అరవడం. దాంతో ఏమీ రాదు. అసలు లోపల ఏం జరుగుతుందో ముందు చెప్పాలి. ఇంజిన్ చివర ఫ్లైవీల్ అనే బరువైన చక్రం తిరుగుతూ ఉంటుంది. దాని ఎదురుగా క్లచ్ ప్లేటు. ఆ ప్లేటును స్ప్రింగు బలంతో ఫ్లైవీల్‌కు అదిమి పట్టి ఉంచితే ఇంజిన్ శక్తి చక్రాలకు అందుతుంది. పెడల్ తొక్కితే ఆ పట్టు విడిపోతుంది. తొక్కితే వదలడం, వదిలితే పట్టడం, ఈ తిరకాసే కొత్తవాళ్లను తికమకపెడుతుంది. ఆగి ఉన్న ప్లేటును తిరిగే చక్రానికి ఒక్కసారిగా అంటిస్తే ఇంజిన్ ఉక్కిరిబిక్కిరై ఆగిపోతుంది. కొంచెం రాసుకోనిచ్చి, వేగాలు కలిశాక పూర్తిగా అంటించాలి. కథంతా ఇంతే.

ప్రాక్టీసుకు ఆదివారం పొద్దున్నే ఖాళీగా ఉండే పార్కింగ్ లాట్ చాలు. యజమాని అనుమతి, ఇన్సూరెన్సు వివరాలు ముందే చూసుకోండి. మాన్యువల్ కారున్న స్నేహితుడు ఎవరైనా ఉంటే మంచిదే. లేదంటే పెద్ద నగరాల్లో కొన్ని డ్రైవింగ్ స్కూళ్లు స్టిక్ షిఫ్ట్ పాఠాలు చెబుతాయి. మొదటి అరగంట ఎక్సలేటర్ జోలికే వెళ్లనివ్వకండి. ఫస్ట్ గేరు వేసి, మడమ నేలకు ఆనించి, క్లచ్ మెల్లగా వదలమనండి. ఒకచోట ఇంజిన్ శబ్దం బరువెక్కుతుంది, బండి ముందుకు ఒరిగినట్టు ఉంటుంది. పాదం అక్కడే ఆపాలి. చదునైన నేల మీద ఈ కాలపు పెట్రోలు కారు దానంతటదే పాకుతుంది. ఇది ఇరవై సార్లు చేస్తే ఆ పట్టు దొరికే చోటు పాదానికి గుర్తుండిపోతుంది. ఆ తర్వాత ఎక్సలేటర్ నేర్పడం చిన్న పని.

గేరు రాడ్డును పిడికిలి బిగించి లాగొద్దు. అది మూడు, నాలుగు గేర్ల వరసలోకి తనంతట తానే వచ్చేలా లోపల స్ప్రింగు ఉంటుంది. రెండు నుంచి మూడుకు మారాలంటే న్యూట్రల్‌లోకి తెచ్చి, చేయి వదులుచేసి, అరచేత్తో ముందుకు నెడితే చాలు. బలం వాడితే మూడుకు బదులు ఒకటో, ఐదో పడుతుంది. ఆపేటప్పుడు ముందు బ్రేకు, బండి బాగా నెమ్మదించాక క్లచ్. భయంతో ముందే క్లచ్ తొక్కేస్తే ఇంజిన్ వెనక్కి లాగే సాయం పోతుంది.

పాత ఆర్టీసీ బస్సుల్లో డ్రైవరు గేరు మార్చినప్పుడల్లా క్లచ్ రెండుసార్లు తొక్కడం కొందరికి గుర్తుండవచ్చు. గేర్ల వేగాలను కలిపే సింక్రోమెష్ లేని బళ్లకు ఆ విద్య తప్పనిసరి. కార్లలో దాన్ని 1928లోనే కాడిలాక్ ప్రవేశపెట్టింది కాబట్టి మన పిల్లలకు ఆ బాధ లేదు.

అక్కడికి వెళ్లాక

ఇండియాలో స్టీరింగ్ కుడివైపు, గేరు ఎడమ చేతికి. పెడళ్ల వరస మాత్రం మారదు, ఎడమ నుంచి క్లచ్, బ్రేకు, ఎక్సలేటర్. గేర్ల అమరికా అదే. కానీ అమెరికా కారులో ఫస్ట్ గేరు మనవైపు ఉంటే, అక్కడ మనకు దూరంగా వెళుతుంది. రివర్స్ ఒక్కో కారులో ఒక్కో చోట. కొన్నింటిలో ఐదో గేరు కింద, కొన్నింటిలో రింగు పైకి లాగితే ఫస్ట్ పక్కన. ఇక అక్కడి చాలా కార్లలో ఇండికేటర్ కుడివైపు ఉంటుంది. మొదటి రెండు రోజులూ ప్రతి మలుపులో వైపర్లు ఆడడం ఖాయం.

దీనికంటే ముఖ్యమైంది ఇంకోటుంది. అమెరికాలో మాన్యువల్ కారు క్లచ్ తొక్కితే గానీ స్టార్టు కాదు. తాతయ్య పాత కారుకు ఆ రక్షణ లేకపోవచ్చు. గేరులో ఉండగా తాళం తిప్పితే ఎదురుగా గోడ ఉన్నా, మనిషి ఉన్నా బండి ముందుకు దూకుతుంది. తాళం తిప్పే ముందు రాడ్డు అటూ ఇటూ ఆడించి న్యూట్రల్ చూసుకోవడం, క్లచ్ తొక్కి పెట్టడం అలవాటు చేయండి.

హైదరాబాద్ ట్రాఫిక్‌లో అందరూ హాఫ్ క్లచ్ మీదే జరుగుతుంటారు. కొంచెం తప్పదు. కానీ సిగ్నల్ దగ్గర ఎత్తు మీద బండిని క్లచ్‌తోనే నిలబెడితే ప్లేటు కాలిపోతుంది. హ్యాండ్‌బ్రేక్ వేయండి. కదిలేటప్పుడు క్లచ్ పట్టు తెలిశాక, కాస్త ఎక్సలేటర్ ఇచ్చి హ్యాండ్‌బ్రేక్ దించితే బండి వెనక్కి జారదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో వంద అడుగులకు 31 అడుగులకు పైగా ఎక్కే ఫిల్బర్ట్ స్ట్రీట్ అయినా, ఊళ్లో ఫ్లైఓవర్ ఎక్కే చోటయినా పద్ధతి ఇదే. 2014లో సెలెరియోతో మొదలైన ఏఎంటీ కార్లు ఇప్పుడు అక్కడ బాగా కనిపిస్తున్నాయి. రెండే పెడళ్లు కదా అని ధీమా వద్దు. లోపల ఉన్నది మాన్యువల్ గేర్‌బాక్సే. హిల్ హోల్డ్ లేకపోతే ఎత్తు మీద అదీ వెనక్కి జారుతుంది.

అటు నుంచి ఇటు వచ్చేవాళ్లదీ చిన్న ఇబ్బంది ఉంది. కొత్తగా వచ్చిన విద్యార్థుల ఎడమ కాలు లేని క్లచ్ కోసం వెతికి, వెడల్పాటి బ్రేకును గట్టిగా తొక్కేస్తుంది. వెనక బండి వచ్చి గుద్దడానికి అది చాలు. ఆటోమేటిక్‌లో ఎడమ కాలిని వెనక్కి మడిచి పెట్టుకోమని చెప్పండి.

ఇండియా వెళ్తే తిరుమల దర్శనం ఉండనే ఉంటుంది. 1944లో వేసిన పాత ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికి, 1974లో వచ్చిన రెండోది ఎక్కడానికి. క్లచ్ కొత్తగా నేర్చినవాళ్ల చేత మొదటి ట్రిప్పులో అక్కడ తోలించకపోవడమే మేలని నా అభిప్రాయం. తప్పదంటే ఒక్క సూత్రం పాటించాలి. ఎక్కిన గేరులోనే దిగాలి. రెండో గేరులో ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకుల మీద భారం తగ్గుతుంది. పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో వదిలేసే అలవాటు కొందరు పెద్దవాళ్లకు ఇంకా ఉంది. ఫ్యూయల్ ఇంజెక్షన్ కారు గేరులో దిగుతున్నప్పుడు ఇంజిన్‌కు ఇంధనమే ఆపేస్తుంది, న్యూట్రల్‌లో మాత్రం ఐడిలింగ్‌కు తాగుతూనే ఉంటుంది. కాబట్టి ఆదా కూడా లేదు. దిగేటప్పుడు కాలిన వాసన వస్తే బండి ఆపడానికి వీలున్న చోట పక్కకు తీసి, గేరులో పెట్టి, చక్రాల కింద రాయి వేసి, బ్రేకులు వాటంతటవే చల్లారే దాకా ఆగండి. చల్లటి నీళ్లు మాత్రం పోయకండి, వేడెక్కిన డిస్కులు వంకర పోతాయి.