డెవన్ వీథి పచారీ కొట్టు

1923వ సంవత్సరమున అమెరికా ఐక్యరాష్ట్రముల అత్యున్నత న్యాయస్థానము భగత్ సింగ్ థిండ్ అను పంజాబీయునకు, నీవు శ్వేతజాతివాడవు కావు గనుక ఈ దేశ పౌరుడవు కాజాలవని తీర్పు చెప్పెను. అతడు మొదటి ప్రపంచ సంగ్రామకాలమున ఆ దేశపు సేనలోనే పనిచేసినవాడు! 1946లో మనవారికి పౌరసత్వార్హత నొసగు శాసన మొకటి వచ్చినది గాని, దేశములోనికి రానిచ్చుట మాత్రము ఏటికి నూరుమందినే. నూరుమంది కొరకు కందిపప్పు తెప్పించి అమ్ము వర్తకు డెవడు? 1965లో ప్రెసిడెంటు జాన్సను సంతకము చేసిన శాసనముతో, పుట్టిన దేశమునుబట్టి మనుష్యుల నెంచు పాత పద్ధతి తొలగెను. నేడు ఆ దేశమందు ఏబదికి పైగా అంగళ్లు గల పటేల్ బ్రదర్స్ వారి కథను ఆ శాసనమునుండియే ఆరంభింపవలెను. వర్తకుని తెలివిని పొగడుటకు పూర్వము, తలుపు తెరచిన చట్టమును తలచుట న్యాయము గదా.

గుజరాతులోని మెహసానా జిల్లా భాండు గ్రామస్థుడగు మఫత్ పటేలు 1968లో విద్యార్థిగా అమెరికాకు పోయెను. చదువు ముగిసిన పిదప షికాగో ప్రాంతమున ఇంజనీరు పనిలో కుదిరెను. సోదరుడు తులసి పటేలును, కుటుంబములును తరువాత వచ్చి చేరిరి. 1974లో ఆ యన్నదమ్ములు షికాగో నగరపు ఉత్తరభాగమందలి డెవన్ వీథిలో, సుమారు 900 చదరపుటడుగుల కొట్టొకటి తెరచిరి. మన పట్టణములలో ఒక మోస్తరు గృహస్థుని యిల్లైనను అంతకన్న విశాలముగా నుండును. ఇంటివారే పనివాండ్రు. కొనువారో, కొత్తగా వలసవచ్చిన వైద్యులును, ఇంజనీర్లును. వారికి జీతమునకు కొరత లేదు. పోపుపెట్టెలో ఇంగువ లేదు.

ఈ వ్యాపారము బయటికి కనబడునంత సుకరము కాదు. పప్పులును, మసాలా దినుసులును ఓడలో వారములకొలది ప్రయాణించియు చెడవు. పచ్చిసరకు సంగతి వేరు. కరివేపాకు నిమ్మజాతి వృక్షములకు చుట్టము. నారింజ తోటలను నాశనము చేయు తెగులును మోయు పురుగు దాని నాశ్రయించును. అందువలన మన దేశపు పచ్చి కరివేపాకునకు అమెరికాలో ప్రవేశము లేదు. ఆ దేశమందే పండించుకొనవలెను. మన మామిడిపండునకును 2007 వరకు చాలకాలము నిషేధ ముండెను; నేటికిని కిరణములచే శుద్ధిచేసిన పిమ్మటనే అది విమాన మెక్కవలెను. మన బజారులో కూరలమ్మి కొసరుగా సంచిలో పడవేయు రెబ్బకు అచ్చట ఇంత విచారణ!

ఒక యంగడి పది యగుటకు బంధువర్గమును, నమ్మకమును చాలును. పది ఏబది యగుటకు మరియొకటి కావలెను. 1991లో పటేలువారు రాజా ఫుడ్స్ అను సంస్థను స్థాపించి, 'స్వాద్' అను పేర సరకులను తామే మూటగట్టి విక్రయింప నారంభించిరి. పరుల సరకు అమ్మినవానికి తరుగుపోగా మిగిలినదే లాభము. సంచిమీద తన పేరు గలవానికి, ప్రక్కవాని యంగడిలో అమ్మినను లాభమే. వారి కొట్టు చుట్టును వస్త్రముల దుకాణములు, ప్రయాణపు టిక్కెట్ల కచేరీలు లేచినవి. ఆ వీథిలో కొంతభాగమునకు షికాగోవారు మహాత్మాగాంధి పేరును గౌరవార్థము పెట్టియున్నారు.

మన తెలుగువారు ఈ కథలో తరువాత ప్రవేశించిరి. 1990 నాటి శాసనము నిపుణులగు ఉద్యోగులను ఏటికి అరువదియైదు వేలమంది చొప్పున రానిచ్చినపుడు, ఆంధ్ర తెలంగాణముల యువకులు కంప్యూటరు పనులకై విశేషముగా తరలిపోయిరి. గుజరాతీల కొట్టులో గోంగూరకు చోటు దొరకెను. పూర్వము మనవారు రంగూను పోయిరి. బస్తాలు మోసినది తెలుగు కూలీ, వడ్డీ లెక్క వ్రాసినది చెట్టియారు. 1930లో అచ్చటి రేవున పుట్టిన అల్లర్లలో దెబ్బలు తిన్నదియు ఆ కూలీలే. నేటి మనవారు కూలీలు కారు, సంతోషము. తెలుగువారు నడపు కొట్లును అమెరికాలో లేకపోలేదు. ఐనను మన తలిదండ్రులు కుమారుని సముద్రము దాటించునపుడు ఉద్యోగమును కోరుదురు గాని తక్కెడను కోరుట అరుదు.

2023 జూలై 20వ తేదీన, దేశములో బియ్యపు వెలలు పెరుగుచున్నవని, బాస్మతి గాని తెల్లబియ్యమును ఎగుమతి చేయరాదని భారత ప్రభుత్వము ఉత్తరువు చేసెను. ఆ వార్త వినినంతనే అమెరికాలోని తెలుగువారు పచారీ కొట్లముందు బారులు తీరిరి. ఒక్కరికి ఒక్క సంచియే యని కొన్ని చోట్ల పలకలు వెలసెను. వారు వెదకినది సోనా మసూరి. దానికి దగ్గర చుట్టమగు సాంబ మసూరి, అనగా మన రైతు లెరిగిన బి.పి.టి. 5204, 1986లో బాపట్ల పరిశోధన కేంద్రమునుండి వెలువడినది. ఆ మూడక్షరములును బాపట్ల పేరే. విత్తనము మన శాస్త్రజ్ఞులది, మడి మన రైతుది, తినువారు మన బిడ్డలు. సంచిమీద పేరు మాత్రము నడుమవానిది. పటేలుల నిందుకు తప్పుపట్టను. ఆ పేరు నిలబెట్టుకొనుటకు వారు ఏబది యేండ్లు పాటుపడిరి.

నిషేధము 2024 సెప్టెంబరు 28న తొలగెను. ఆ పదునాలుగు మాసములలో కళ్లమువద్ద బస్తాకు తమకు ముట్టిన దెంత, అదే బియ్యమునకు డెవన్ వీథిలో పలికిన దెంత అని డెల్టా రైతులు రెండు లెక్కలను ఒక కాగితముమీద వ్రాసికొని చూడవలెను. రెండవ లెక్కను తెలిసికొనుటకు పెద్ద ప్రయాస యక్కరలేదు. ప్రతి గ్రామమునుండియు అచ్చట ఒక కుమారుడో కుమార్తెయో ఉండనే యున్నారు. ఆదివారమునాడు ఫోనులో అడిగిన చెప్పుదురు.