వెలుగుకో వేలు... తూటాకో వేలు!

కరెంటు పోయింది. చీకట్లో తడుముకుంటూ వెళ్లి అలమారలోంచి టార్చిలైటు తీస్తాం. పైనున్న మీటను బొటనవేలితో ముందుకు తోస్తాం. ఆ మీట కోసం రెండు సెకన్లు వెతుక్కున్నా కొంపేం మునగదు. మహా అయితే కాలు స్టూలుకు తగులుతుంది!

కానీ అదే చీకట్లో ఎదురుగా ఓ నేరస్థుడు పొంచి ఉంటే? మన చేతిలో తుపాకీ కూడా ఉంటే? అప్పుడు స్విచ్ ఎక్కడుందన్నది ప్రాణాలకు సంబంధించిన సంగతి. పోలీసులూ సైనికులూ వాడే ‘టాక్టికల్’ టార్చిలను తయారుచేసేవాళ్లు దశాబ్దాలుగా కుస్తీ పడుతున్నది దీంతోనే.

పాత చుట్టరికమే

నిజానికి టార్చికీ పోలీసులకూ ఉన్న చుట్టరికం ఈనాటిది కాదు. గొట్టంలాంటి చేతిలైటుకు డేవిడ్ మిసెల్ అనే ఆయన 1899లో అమెరికాలో పేటెంటు పొందారు. వాటిని తయారుచేసిన కాన్రాడ్ హ్యూబర్ట్ కంపెనీ, కొన్నింటిని న్యూయార్క్ పోలీసులకు ఉచితంగా ఇచ్చి వాడి చూడమంది. మనకు బాగా తెలిసిన ‘ఎవర్‌రెడీ’ పేరు పుట్టింది ఆ కంపెనీ నుంచే. అప్పటి బ్యాటరీలు ఎక్కువసేపు వెలుగునిచ్చేవి కావు. కాసేపు వెలిగించి ఆపేయాల్సి వచ్చేది. ‘ఫ్లాష్‌లైట్’ అన్న పేరు అలా వచ్చిందే.

రోకలి పట్టు

మన టార్చికి స్విచ్ పక్కన ఉంటుంది. టాక్టికల్ టార్చికి వెనక మూతమీద ఉంటుంది. రోకలి పట్టుకున్నట్టు గుప్పిట బిగిస్తే బొటనవేలు నేరుగా దానిమీదికే వస్తుంది. వెతుక్కోనక్కర్లేదు. చేతికి గ్లవుజులున్నా ఇబ్బంది లేదు.

ఇంకో కిటుకు కూడా ఉంది. చాలా రకాల్లో స్విచ్‌ను నొక్కి ఉంచినంతసేపే వెలుగు. వేలు తీస్తే ఆరిపోతుంది. చేజారి కిందపడ్డా లైటు అలాగే వెలుగుతూ ఉంటే మనమెక్కడున్నామో అవతలివాడికి చెప్పేసినట్టే కదా! వెలుగు అలాగే ఉండాలనుకుంటే మూతను తిప్పడమో, ‘టక్’మనేదాకా నొక్కడమో చేయాలి. కొన్నిటికి మూతను కాస్త వదులుచేస్తే చాలు, సంచిలో ఏది ఒత్తుకున్నా లైటు వెలగదు.

తుపాకీమీద సవారీ

రెండు చేతులతో పట్టుకోవాల్సిన తుపాకీ ఉంటే టార్చి ఎలా పట్టుకోవాలి? ఒకప్పుడు టేపు చుట్టో, గొట్టాలకు వాడే క్లాంపులు బిగించో తుపాకీకే తగిలించేవారు. కాల్చినప్పుడు తుపాకీ వెనక్కి తన్నుతుంది. ఆ కుదుపుకు లైటు పక్కకు జరిగేది. లోపల బ్యాటరీ కదిలి వెలుగు మిణుకుమనేది. బల్బులో సన్నటి తీగ తెగిపోయేది. బ్యాటరీకి గట్టి స్ప్రింగులు పెట్టడం, తీగే లేని ఎల్‌ఈడీలు రావడంతో ఆ బాధ చాలావరకూ తీరింది.

ఇక, బిగింపు సంగతి. న్యూజెర్సీలోని పికటిన్నీ ఆయుధ కేంద్రం పేరుతో 1995లో అమెరికా సైన్యం ఓ కొలతను ఖాయం చేసింది. తుపాకీమీద నిచ్చెన మెట్లలాంటి పట్టా ఉంటుంది. దాని గాడి వెడల్పు 5.23 మిల్లీమీటర్లు. ఒక గాడి మధ్య నుంచి మరో గాడి మధ్యకు 10.01 మిల్లీమీటర్లు. లైటుకుండే అడ్డబోల్టు ఆ గాడిలో కూర్చుంటే తుపాకీ ఎంత తన్నినా ముందుకూ వెనక్కూ జరగదు. ఆ కొలతకు చేసిన లైటు ఏ కంపెనీదైనా సరిపోతుంది.

వేలు పొరబడితే...

అన్నిటికన్నా చిక్కు ప్రశ్న - పిస్తోలుకు బిగించిన లైటును ఏ వేలితో వెలిగించాలి? ట్రిగ్గర్‌కు కాస్త కిందుగా, పిడికి ముందువైపు ఓ స్విచ్ పెడితే మధ్యవేలితో నొక్కేయొచ్చు కదా అనుకున్నారు కొందరు. చూడ్డానికి భేషైన ఆలోచన. కానీ 2010లో టెక్సాస్‌లోని ప్లేనో నగరంలో ఓ పోలీసు అధికారి తుపాకీ పేలి ఒక యువకుడు చనిపోయాడు. తాను నొక్కబోయింది లైటు స్విచ్‌ననీ, ట్రిగ్గర్‌ను కాదనీ ఆ అధికారి చెప్పారు.

ఇందులో శరీరధర్మమూ ఉంది. గుప్పిట గట్టిగా బిగిస్తే అన్ని వేళ్లూ కలిసే ముడుచుకుంటాయి. భయంలో, కంగారులో అయితే చెప్పనే అక్కర్లేదు. అందుకే శిక్షకులు చెప్పేది ఒకటే: లైటు వెలిగించడం రెండో చేతి బొటనవేలి పని. కాల్చాలని నిర్ణయించుకునేదాకా చూపుడువేలు ట్రిగ్గర్ జోలికే పోకూడదు. స్విచ్ ఎక్కడ పెట్టాలో ఆలోచించేవాళ్లకూ ఇదే మొదటి పాఠం కావాలి.

ఇంకో సంగతీ ఉంది. తుపాకీకున్న లైటుతో వెతకడమంటే, కనిపించినవాళ్లందరికీ తుపాకీ గురిపెట్టడమే. ఆ మూల నక్కింది దొంగే కానక్కర్లేదు, భయపడి దాక్కున్న పసివాడు కూడా కావచ్చు. అందుకే లైటున్న పిస్తోలు నడుముకు ఉన్నా, పోలీసులు విడిగా ఓ చేతిటార్చి ఉంచుకోవాలంటారు.

ముందు చూడాలి. ఆ తర్వాతే ఏదైనా. ఆ మాట మరిచిపోనివ్వకుండా చేసేదే మంచి స్విచ్!