తూము తాళము ఎవరి చేత?

ఖానాపూర్ బస్టాండు చెంతనున్న దుకాణములో కొత్త సెల్‌ఫోను కొన్న రైతునకు దానిని అందించుచు అచ్చటి కుర్రవాడు, "అన్నిటికి అలౌ కొట్టుండ్రి కాకా, లేకుంటె నడ్వది" అనును. కాంటాక్టులు, లొకేషను, మైకు, ఫొటోలు అని వరుసగా తెరపై నిలిచిన ప్రశ్నలన్నింటికి బొటనవ్రేలితో సరేయనుచు పోయిన ఆ పెద్దమనిషి, సదర్మాట్ కాలువ నీరు తన మడికి ఎన్ని గంటలు పారినదో లెక్క చెప్పగలడు గాని, తన జేబులోని యంత్రమునుండి ఏ సమాచారము ఎటు పారుచున్నదో చెప్పజాలడు.

ఫోనును నడుపు మూలవ్యవస్థను ఆపరేటింగ్ సిస్టమ్ అందురు. వానిలో ఒకటైన ఆండ్రాయిడ్ మూలపాఠమును (సోర్స్ కోడును) ఎవరైనను చదివి, మార్చి, వాడుకొనవచ్చును. అయితే మనము కొను ఫోనులలో దానిపై గూగుల్ సేవలును, తయారీదారు చేర్చిన ఆప్‌లును మామూలు ఆప్‌లకు లేని విశేషాధికారములతో తిష్ఠవేసియుండును, వానిలో కొన్నింటిని యజమాని తొలగింపనైనను జాలడు. ఆ పైపొరను విడిచి, ఆ మూలపాఠముతోనే వేరు వ్యవస్థలను నిర్మించినవారు కలరు. అట్టి వ్యవస్థలలో ఒకటైన సైనోజన్‌మాడ్ 2016లో నిలిచిపోగా దాని వారసురాలిగా పుట్టిన లీనియేజ్ ఓఎస్ పలు కంపెనీల ఫోనులపై నడచును. ప్రధానముగా పిక్సెల్ ఫోనులకై రూపొందిన గ్రాఫీన్ ఓఎస్, గూగుల్ సేవలు కావలెనన్నవారికి వానిని విశేషాధికారము లేని సాధారణపు ఆప్‌లవలె నడపనిచ్చును. 2023 జనవరిలో మద్రాసు ఐఐటీలో అంకురించిన సంస్థ వెలువరించిన భార్ ఓఎస్ కూడ, ముందుగా చేర్చిన ఆప్‌లు లేకుండుటయే తన విశేషమని చాటుకొన్నది.

సమాచారము పారు తూము తాళము ఇట్లు యజమాని చేతికి వచ్చుట మంచిదే. కాని దానికి మూల్యము కలదు. వేరు వ్యవస్థను ఎక్కించుటకై, ఫోను తెరచునపుడు వ్యవస్థను మేల్కొలుపు బూట్‌లోడరు తాళము తీసినంతనే ఫోనులోని ఫొటోలు, లెక్కలు సమస్తము తుడిచిపెట్టుకొనిపోవును. నడుమ పొరపాటు జరిగినచో ఫోను మూలపడవచ్చును. అన్నిటికి మించి, మార్చిన ఫోనును నమ్మక కొన్ని బ్యాంకు ఆప్‌లు తెరచుకొనవు. పత్తి అమ్మిన సొమ్మును ఫోనులోనే చూచుకొని, ఎరువుల బాకీని ఫోనులోనే తీర్చు రైతునకు ఇది చిన్న చిక్కు కాదు. కావున ఉన్న ఒక్క ఫోనుపై ప్రయోగము తగదు; ఆసక్తి గలవారు పక్కన పెట్టిన పాతఫోనుతో, అది తాము ఎక్కించదలచిన వ్యవస్థ నడచు ఫోనుల జాబితాలో ఉన్నదో లేదో చూచుకొని, మొదలిడుట మేలు.

గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఏకగ్రీవముగా తీర్పిచ్చినది. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో పార్లమెంటు చట్టము చేసినది. హక్కు పుస్తకములో ఉన్నంతమాత్రమున జేబులోనికి రాదు. వ్యవస్థను మార్చజాలనివారు సైతము ఈ రాత్రి సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో పర్మిషన్ మేనేజర్ తెరచి, ఏ ఆప్‌నకు ఏమి అప్పగించితిరో ఒకమారు పరికింపుడు, అక్కరలేనిదానిని మూయుడు. టార్చిలైటునకు మీ కాంటాక్టులతో పనిలేదు.